ఫెయిర్ అంటే తెలుపు ఎప్పుడైంది?

రేషన్ షాపుకి సర్కారు కాగితాల్లో ఉన్న ఇంగ్లీషు పేరు ఫెయిర్ ప్రైస్ షాప్. బడిలో పిల్లలకి రఫ్ నోట్సు ఒకటి, ఫెయిర్ నోట్సు ఒకటి. పెళ్లి ప్రకటనల్లో అమ్మాయి "ఫెయిర్, స్లిమ్, బీటెక్". అంపైర్ తొందరపడి వేలెత్తితే అది అన్‌ఫెయిర్. భూమి పోయిన రైతు ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు ఆసరా చేసుకునే 2013 నాటి భూసేకరణ చట్టం పూర్తి పేరులో ముందుగా వచ్చేది ఫెయిర్ కాంపెన్సేషన్. ఇంగ్లీషు రాదనుకునేవాళ్లు కూడా ఈ మాటని ఏదో ఒక అర్థంలో వాడుతూనే ఉంటారు. కానీ వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తికమకగా ఉంటుంది. బియ్యం ధరకీ, చేతిరాతకీ, ఒంటి రంగుకీ, అంపైర్ నిర్ణయానికీ, నష్టపరిహారానికీ ఒకే విశేషణం ఎలా సరిపోతోంది?

ఈ ప్రశ్నని తేలిగ్గా వదిలేయకూడదని నా అభిప్రాయం. ఫెయిర్ అంటే తెలుపు, తెలుపంటే అందం, అందమంటే మంచి అన్న వరస ఆ మాటకి పుట్టుకతోనే ఉందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. రంగు ఈ మాటలోకి తర్వాత వచ్చి చేరింది. ఏ కాలంలో పాతుకుపోయిందో చెప్పడానికి ఆధారాలూ ఉన్నాయి.

ముందు ఒక చిక్కు విడదీయాలి. బుక్ ఫెయిర్, ట్రేడ్ ఫెయిర్ అన్నప్పుడు ఆ ఫెయిర్ అసలు ఈ మాటే కాదు. లాటిన్‌లో పండగరోజుని చెప్పే ఫేరియా పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి అలా మారింది. పండగనాడు జనం పోగవుతారు, అంగళ్లు వెలుస్తాయి, అదే తిరునాళ్ల సంత. లండన్‌లో ఖరీదైన మేఫెయిర్ పేటకి ఆ పేరు మే నెలలో అక్కడ జరిగిన సంత వల్లే వచ్చింది. కథల్లో రెక్కలతో ఎగిరే ఫెయిరీ కూడా వేరే, అది విధిని చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇవి వినడానికి ఒకేలా ఉంటాయి గానీ వీటి మధ్య చుట్టరికం లేదు.

మనం మాట్లాడుకుంటున్న ఫెయిర్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. వెయ్యేళ్ల కిందట దాన్ని దాదాపు "ఫ్యాయెర్" అని పలికేవారు. రాసేటప్పుడు మధ్యలో గకారం రాసేవారు. ఆ గకారం యకారంలోకి జారడం ఇంగ్లీషు చరిత్రలో మామూలే. జర్మన్‌లో రోజుని టాగ్, వానని రేగెన్, మేకుని నాగెల్ అంటారు. ఇంగ్లీషులో అవే డే, రెయిన్, నెయిల్ అయ్యాయి. ఫెయిర్ కూడా అలా అరిగినదే. అప్పట్లో దాని అర్థం అందమైన, కంటికి ఇంపైన అని.

ఇంకా వెనక్కి వెళ్తే అందం కూడా మొదటి అర్థం కాదని తెలుస్తుంది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని గోతిక్ భాషలోకి అనువదించాడు. ఇంగ్లీషుకి దగ్గర బంధువైన ఆ భాష ఇప్పుడు ఎవరికీ రాదు, కానీ ఆ అనువాదంలో కొంత మిగిలింది. లూకా సువార్త 14వ అధ్యాయం చివర ఉప్పు గురించి ఒక మాట ఉంది. ఉప్పు సారం కోల్పోతే అది పొలానికీ పనికిరాదు, ఎరువుకుప్పకీ పనికిరాదు అని. ఆ "పనికి వచ్చేది" అన్నచోట వుల్ఫిలా వాడిన మాట ఫెయిర్‌కి తోబుట్టువు. అక్కడ దాని అర్థం తగినది, కుదిరినది. ఉప్పు తెల్లగానే ఉంది. అయినా దానికి ఈ విశేషణం చెల్లలేదు, ఎందుకంటే దేనికీ కుదరకుండా పోయింది కాబట్టి.

కుదరడం నుంచి అందం ఎలా పుట్టిందని తెలుగువాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు. మన ఒప్పు సరిగ్గా ఈ దారిలోనే నడిచింది. పద్యాల్లో ఒకటి ఒప్పింది, ఒప్పారింది అంటే అందంగా భాసించిందని. ఒప్పులకుప్ప అంటే అందాలరాశి. ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతూ "ఒప్పులకుప్పా, ఒయ్యారిభామా" అని పాడేది ఆ అర్థంలోనే. అదే మాట "తప్పొప్పులు" అన్నప్పుడు సరైనదని, "ఒప్పుకున్నాడు" అన్నప్పుడు సమ్మతించాడని. అమరడం అనే ఒక్క భావం నుంచి ఒక పక్క అందం, ఇంకో పక్క న్యాయం పుట్టాయి. ఇంగ్లీషు ఫెయిర్ చరిత్ర కూడా ఇదే. ఒక్కటే తేడా. మన ఒప్పుకి రంగు అంటలేదు.

పాత ఇంగ్లీషులో రంగు ప్రసక్తి లేకుండా ఈ మాట ఎలా బతికిందో చూడాలంటే బేవుల్ఫ్ కావ్యానికి వెళ్లాలి. దాని రాతప్రతి దాదాపు వెయ్యేళ్లనాటిది. గ్రెండెల్ అనే రాక్షసుడు రాత్రిపూట రాజుగారి సభామందిరం తలుపు విరగ్గొట్టి లోపలికి వస్తాడు. లోపల వీరులు పడుకుని ఉంటారు. చీకట్లో వాడి కళ్లలోంచి మంటలాంటి వెలుగు వస్తుంది. ఆ వెలుగుకి కవి తగిలించిన విశేషణం అన్‌ఫెయిర్‌కి పాత రూపం. ఇవాళ్టి ఇంగ్లీషు పిల్లవాడు చదివితే "అన్యాయమైన వెలుగు" అనుకుంటాడు. కవి చెప్పింది వికారమైన వెలుగని, చూస్తే ఒళ్లు జలదరించే వెలుగని. అది వెలుగే, చీకటి కాదు. అయినా ఫెయిర్ కాదు. తర్వాత యాభై పాదాలు తిరక్కుండానే కావ్యనాయకుడు బేవుల్ఫ్, గ్రెండెల్ కలబడతారు. ఆ కుమ్ములాటకి మందిరమంతా అదురుతుంది గానీ కూలదు. ఆ కట్టడాన్ని కవి ఫెయిర్ అంటాడు. దాని రంగేమిటో మనకి అక్కర్లేదు. గట్టిగా, ముచ్చటగా కట్టిన ఇల్లు అది.

నార్వే రాజు హరాల్డ్ సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన పేరు హరాల్డ్ ఫెయిర్‌హెయిర్. చూడగానే బంగారు రంగు జుట్టు అనుకుంటాం. కానీ 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి చెప్పిన కథ వేరే. ఆయన వలచిన పిల్ల, నార్వే మొత్తానికి రాజువైతేనే నిన్ను చేసుకుంటానంది. దాంతో హరాల్డ్, దేశమంతా చేతికొచ్చేదాకా జుట్టు కత్తిరించను, దువ్వను అని ఒట్టు పెట్టుకున్నాడు. పదేళ్లు అలాగే పెంచాడు. జనం చింపిరి జుట్టోడు అనే అర్థంలో ఒక పేరు కూడా పెట్టారు. గెలిచాక ఒక సామంతుడు ఆ జుట్టు కత్తిరించి, అందమైన జుట్టువాడని కొత్త పేరు పెట్టాడట, చూసినవాళ్లంతా అది తగిన పేరేనన్నారట. చరిత్రకారులు ఈ కథని పూర్తిగా నమ్మరు, అది వేరే విషయం. చింపిరి జుట్టుకి ఎదురుగా నిలబడిన మాట ఇది, నల్ల జుట్టుకి ఎదురుగా కాదు. ఐస్‌లాండ్ భాషలో ఈ మాట నేటికీ అందమైన అనే అర్థంతోనే వాడుకలో ఉంది.

14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో మఠం నడిపే ఒక సన్యాసిని వస్తుంది. ఆవిడ ఫ్రెంచి చాలా ఫెయిర్‌గా మాట్లాడుతుంది, అంటే సొగసుగా. ఆవిడ నుదురు కూడా ఫెయిరే, ఎందుకంటే అది జానెడు వెడల్పుందట. విశాలమైన నుదురు ఆ రోజుల్లో అందం.

ఈ మధ్యయుగాల్లోనే మాట కొమ్మలు వేసింది. అందమైనది అంటే మచ్చలేనిది కదా. మచ్చలేని గుడ్డ ఫెయిర్, మబ్బులేని ఆకాశం ఫెయిర్, ఓడకి అడ్డురాని గాలి ఫెయిర్. కొట్టివేతలు లేకుండా శుభ్రంగా తిరగరాసిన ప్రతి ఫెయిర్ కాపీ. మన పిల్లల ఫెయిర్ నోట్సు ఆ కొమ్మకి కాసిందే. మచ్చలేని పేరు ఫెయిర్ అయ్యాక, మచ్చలేని నడవడిక కూడా ఫెయిర్ అయింది. పక్షపాతం అనే మచ్చ లేని తీర్పు ఫెయిర్ అయింది. 14వ శతాబ్దం నాటికే న్యాయమైన, నిష్పాక్షికమైన అనే అర్థం కనిపిస్తుంది. అందం నుంచి న్యాయానికి దూకినట్టు కనిపించే చోట నిజానికి అడుగు తర్వాత అడుగే పడింది.

వీటన్నిటికీ ఎదురుమాట ఫౌల్. ఆకాశం ఫౌల్, ఆట ఫౌల్, వాసన ఫౌల్. ఈ ఫౌల్ మనకి దూరపు చుట్టమే. దుర్వాసనని గ్రాంథికంగా పూతిగంధం అంటాం కదా, ఆ సంస్కృత పూతి, ఇంగ్లీషు ఫౌల్ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. సంస్కృతంలో మొదట పకారం ఉన్నచోట ఇంగ్లీషులో ఫకారం ఉండడం మామూలు. పితృ, ఫాదర్ లాగా. షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకం మొదట్లో మంత్రగత్తెలు ఫెయిరే ఫౌల్, ఫౌలే ఫెయిర్ అని పాడతారు. అక్కడ వాతావరణం, అందం, నీతి మూడూ ఒకేసారి తిరగబడతాయి. అందుకే ఆ వాక్యం ఇంతకాలం నిలిచింది.

న్యాయం అర్థంలో ఫెయిర్ ఎక్కువగా ఎదిగింది కోర్టులో కాదు, ఆటలో. 16వ శతాబ్దం నాటికి ఫెయిర్ ప్లే వాడుకలో ఉంది. షేక్‌స్పియర్‌దే టెంపెస్ట్ నాటకం చివర్లో నాయిక మిరాండా చదరంగం ఆడుతూ, నువ్వు తప్పుడాట ఆడుతున్నావని ప్రియుడితో అంటుంది. అతను లోకమంతా ఇచ్చినా అలా చేయనంటాడు. ఇరవై రాజ్యాల కోసమైతే చెయ్యి, దాన్ని నేను ఫెయిర్ ప్లే అనే అంటాను అని ఆవిడ జవాబు. ప్రేమలో ఆవిడ ఇచ్చిన ఆ మినహాయింపులోనే మాట బరువు తెలుస్తోంది. ఫెయిర్ అంటే ఇద్దరూ ముందే ఒప్పుకున్న నియమం.

పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన భాషాశాస్త్రవేత్త అన్నా వియెజ్‌బిట్స్కా ఈ విషయం మీద వివరంగా రాశారు. ఈ అర్థంలో ఫెయిర్‌కి ఇతర యూరప్ భాషల్లో సరిజోడు లేదని ఆవిడ వాదన. జర్మన్లు ఫెయిర్, అన్‌ఫెయిర్ రెండింటినీ ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. ఫ్రెంచివాళ్లు ఫెయిర్ ప్లేని తెచ్చుకున్నారు. మనమూ అంతే, "ఇది ఫెయిర్ కాదు బ్రో" అంటాం. న్యాయం, ధర్మం అనే మాటలు మనకి లేక కాదు. అవి కాస్త ఎత్తున కూర్చుంటాయి. న్యాయం అనగానే తీర్పు చెప్పే పెద్దమనిషి గుర్తొస్తాడు. సమానుల మధ్య చిన్న చిన్న వ్యవహారాల్లో వాడుకోవడానికి సమంజసం, సబబు ఉన్నాయి, వాటిని ఇంకా ఎక్కువగా వాడుకోవచ్చు. తప్పుడాట గురించైతే మన పిల్లల దగ్గర అద్భుతమైన మాట ఉంది: తొండి. గోలీల్లో తొండి, క్యారమ్స్‌లో తొండి, "నువ్వు తొండాటోడివి, నీతో ఆడం". మిరాండా ప్రియుడి మీద వేసిన నింద అచ్చంగా ఇదే. తొండి లేని ఆటకి మాత్రం అంత పదునైన ఒక్క మాట మనకి కుదరలేదు. ఆ ఖాళీలోనే ఇంగ్లీషు ఫెయిర్ వచ్చి కూర్చుంది.

ఆటలోంచి ఈ మాట కూలీల బతుకులోకి వచ్చింది. పని ఫెయిర్‌గా చేస్తాం, కూలీ ఫెయిర్‌గా ఇవ్వండి అన్నది 19వ శతాబ్దపు ఇంగ్లండ్ కార్మికుల నినాదం. అయితే ఎంత ఇస్తే ఫెయిర్? ఈ ప్రశ్నకి 1907లో ఆస్ట్రేలియాలో ఒక జడ్జి అంకె చెప్పాల్సి వచ్చింది. వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ యజమాని, నేను కూలీలకి ఫెయిర్‌గా, సబబుగా జీతాలిస్తున్నాను కాబట్టి నాకు సుంకం మినహాయింపు ఇవ్వండి అని అడిగాడు. చట్టంలో ఆ మాట ఉంది గానీ దాని అర్థం ఎక్కడా లేదు. జడ్జి హిగ్గిన్స్ యజమాని లాభనష్టాల జోలికి పోకుండా, నాగరిక సమాజంలో బతికే మనిషికి ఏం కావాలి అని లెక్క వేశాడు. మొగుడు, పెళ్లాం, ముగ్గురు పిల్లలు, ఇంటి అద్దె, తిండి, బట్ట. రోజుకి 7 షిల్లింగులు అని తేల్చాడు. ఆడవాళ్ల కూలీని ఆ లెక్కలో సమానంగా చూడలేదు, అది ఆ తీర్పులో పెద్ద లోటే. అయినా ఒక విశేషణానికి డబ్బులో విలువ కట్టిన సందర్భం ఇంత స్పష్టంగా మరొకటి నాకు కనిపించదు. ఇప్పుడు ఆస్ట్రేలియా వీసాకి దరఖాస్తు చేసే మన తెలుగు పిల్లలు ఆ దేశపు విలువలని గౌరవిస్తామని ఒక ప్రకటనకి ఒప్పుకోవాలి. అందులో "అందరికీ ఫెయిర్ గో" అన్నది ఒకటి. అంటే అందరికీ సమంగా అవకాశం.

మన దేశంలో ఈ అర్థానికి రాజ్యాంగ బలం 1978లో వచ్చింది. మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో సుప్రీంకోర్టు, మనిషి స్వేచ్ఛని తగ్గించే పద్ధతి ఏదైనా చట్టంలో రాసి ఉంటే చాలదు, అది న్యాయంగానూ ఫెయిర్‌గానూ ఉండాలని చెప్పింది. రెండు మాటలూ పక్కపక్కనే వాడడంలో అర్థముంది. ఫలితం ఒక్కటే న్యాయంగా ఉంటే సరిపోదు, ఆ ఫలితానికి చేరుకున్న తీరు కూడా ముఖ్యం. అవతలివాడి మాట వినకుండా ఇచ్చిన తీర్పు సరైనదే అయినా ఫెయిర్ కాదు.

ఇక రేషన్ షాపు. ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ అంటే కొనేవాడికీ అమ్మేవాడికీ సబబైన ధర. తెలుగులోకి వచ్చేసరికి అది చౌక ధరల దుకాణమైంది. జనానికి వెంటనే అర్థమవుతుంది, ఆ మేరకు మంచి పేరే. కానీ ఒక భావం జారిపోయింది. చౌక అన్నది సర్కారు చూపించే దయలా వినిపిస్తుంది, ఫెయిర్ అన్నది జనానికి ఉన్న హక్కులా వినిపిస్తుంది. చెరుకు దగ్గర మాత్రం మన పత్రికలు జాగ్రత్తపడ్డాయి. 2009 నుంచి కేంద్రం చెరుక్కి ప్రకటించే ఎఫ్ఆర్‌పీలో ఎఫ్ అంటే ఫెయిరే, దాన్ని న్యాయమైన, గిట్టుబాటు ధర అని రాస్తున్నారు. అక్కడ రైతు అడిగేది చౌక కాదు కదా.

మధ్యలో ఈ మాట విలువ పడిపోయిన సంగతీ చెప్పాలి. అమెరికా పత్తి వ్యాపారంలో పాత గ్రేడుల్లో ఫెయిర్ అంటే అన్నిటికంటే పై రకం, మిడ్లింగ్ దాని కింద. పాత పుస్తకాలు అమ్మేవాళ్ల భాషలో ఫెయిర్ అంటే అట్ట ఊడి, పేజీలు నలిగి, ఎలాగో చదవడానికి పనికొచ్చేది. గుడ్ కంటే తక్కువ, పూర్ కంటే ఎక్కువ. బాగుంది అన్న మాటని మర్యాద కోసం అందరికీ పంచితే అది ఫర్వాలేదు స్థాయికి దిగిపోతుంది. ఫెయిర్‌కి 19వ శతాబ్దంలో అదే జరిగింది.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. తెల్లటి మేనికీ లేతరంగు జుట్టుకీ ఫెయిర్ అని వాడడం మధ్యయుగాల్లోనే మొలకెత్తింది. పెద్దింటి ఆడవాళ్లు ఎండకి కందకుండా ఇంట్లో ఉంటారు, పొలంలో పనిచేసేవాళ్లు కమిలిపోతారు. కాబట్టి తెలుపు తీరికకి, హోదాకి గుర్తు. అయితే అప్పటికింకా ఫెయిర్ అన్నా అందం అన్నా ఒకటే, రంగు అందులో ఒక పాయ మాత్రమే. దీనికి గట్టి సాక్ష్యం 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్. పరమగీతం మొదటి అధ్యాయంలో నాయిక తన గురించి చెప్పుకునే మాట మన తెలుగు బైబిల్లో "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అని ఉంటుంది. ఇంగ్లీషులోనూ ఆమె బ్లాక్ అనే చెప్పుకుంటుంది. సరిగ్గా మూడు వచనాల తర్వాత అదే స్త్రీని పిలిచే పిలుపు, స్త్రీలందరిలోకీ అత్యంత ఫెయిర్ అయినదానా అని. నల్లని స్త్రీ, ఫెయిరెస్ట్. ఆనాటి అనువాదకులకి ఈ రెండూ కలిపి రాయడంలో ఇబ్బందేమీ కనిపించలేదు.

కానీ బయట గాలి అప్పటికే మారిపోయింది. 1562లో ఇంగ్లండ్ నావికుడు జాన్ హాకిన్స్ ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకెళ్లి అమెరికా వైపు దీవుల్లో అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. 1600లో ఈస్టిండియా కంపెనీ పుట్టింది. ఎలిజబెత్ రాణి కాలంలో డబ్బున్న ఆడవాళ్లు సీసంతో చేసిన తెల్లపూత మొహానికి రాసుకునేవారు, అది విషమైనా సరే. ఆ కాలపు ఇంగ్లీషు సాహిత్యాన్ని పరిశోధించిన కిమ్ హాల్ చూపించింది ఇదే. కవులు ఆడవాళ్ల తెలుపుని పొగిడే భాషకీ, నల్లవాళ్లతో వ్యాపారాలు, వలసలు, బానిసత్వం పెరగడానికీ సంబంధం ఉంది. ఫెయిర్‌కి ఎదురుగా ఫౌల్ ఉండేచోట క్రమంగా బ్లాక్ వచ్చి నిలబడింది. షేక్‌స్పియర్ 127వ సానెట్ ఈ మార్పునే ఎత్తిపట్టుకుంది. పాతకాలంలో నలుపుని ఫెయిర్ అని లెక్కించేవారు కాదు అంటూ మొదలుపెట్టి, తన నల్లకళ్ల ప్రియురాలి వల్ల ఇప్పుడు అదే అందానికి వారసత్వం అందుకుందని వాదిస్తాడు.

ఒథెల్లోలో ఒక వాక్యం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. వెనిస్ సేనాపతి ఒథెల్లో నల్లవాడు. తెల్లపిల్ల డెస్డిమోనా అతన్ని ప్రేమించి పెళ్లి చేసుకుంది. పిల్ల తండ్రి రాజసభలో గగ్గోలు పెట్టాడు. విచారణ అంతా విని ప్రభువు ఆయనకి చెప్పిన ఓదార్పు ఇది. గుణమే అందమైతే నీ అల్లుడు బ్లాక్ కాదయ్యా, ఫెయిర్. మెచ్చుకోలే. ఒథెల్లో గొప్పతనాన్ని నిండు సభలో ఒప్పుకోవడమే. కానీ ఆ మెచ్చుకోలు నిలబడాలంటే నలుపు అందం కాదు, గుణమూ కాదు అని ముందు అనుకోవాలి. అందం, రంగు, మంచితనం మూడు పాయలనీ ఒకే జడలో బిగించిన వాక్యం ఇది. నాలుగు వందల ఏళ్ల తర్వాత మన పెళ్లి ప్రకటనల్లో, "పిల్ల చామనఛాయే గానీ గుణం బంగారం" అనే మాటల్లో ఆ "గానీ" వినిపిస్తూనే ఉంటుంది. ఆ "గానీ" అనకుండా పిల్ల గురించి చెప్పడం మనం నేర్చుకోవాలి.

తప్పంతా ఇంగ్లీషు మీద నెట్టేస్తే అబద్ధమవుతుంది. రంగు పిచ్చి మనకీ ఉంది, సొంతంగానే ఉంది. ఎర్రగా బుర్రగా ఉన్నాడు అనడం, పుట్టిన బిడ్డ చెవులు చూసి ఏ రంగు వస్తుందో అంచనా కట్టడం మనవాళ్ల అలవాట్లే. అయితే మన దగ్గర ఎదురుమాటా బలంగానే ఉండేది. ద్రౌపదికి కృష్ణ అని పేరు వచ్చింది ఆమె నల్లని మేని వల్లే, భారతంలో ఆమెని మించిన అందగత్తె లేదు. దేవుడు నీలమేఘశ్యాముడు. నలుపు నారాయణ మెచ్చు అని సామెత. ఇంగ్లీషు ఫెయిర్ చేసిందేమిటంటే, ఒంటి రంగుకీ అందానికీ మంచికీ కలిపి ఒకే మాట ఇచ్చింది. తెలుపు అని పచ్చిగా అడగడానికి మొహమాటపడేవాళ్లు ఫెయిర్ అని దర్జాగా అచ్చు వేయించగలిగారు. దానికి తోడు వీటిష్ అని గోధుమరంగు చెప్పే ఒక కొత్త మాట కూడా ఇండియాలోనే తయారుచేసుకున్నాం.

1975లో హిందుస్థాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము తెచ్చింది. చదువుకుని, క్రీము రాసుకుని, తెల్లబడి, ఉద్యోగం తెచ్చుకునే అమ్మాయిల కథలు ప్రకటనలుగా మన ఇళ్లలో ఏళ్ల తరబడి ఆడాయి. 2005లో మగవాళ్ల కోసం ఇమామి వాళ్ల ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ వచ్చింది. ప్రపంచంలో మిగతా ఇంగ్లీషువాళ్లకి ఫెయిర్‌నెస్ అంటే నిష్పాక్షికత. తత్వవేత్త జాన్ రాల్స్ న్యాయమంటే ఫెయిర్‌నెస్ అన్న సూత్రం మీద జీవితకాలం రాశాడు. మన సూపర్ మార్కెట్‌లో ఫెయిర్‌నెస్ అంటే అరలో ఉండే ట్యూబు. నల్లటి ఆడపిల్లకి ఆ ట్యూబు అంటగట్టిన సిగ్గు తక్కువేమీ కాదు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లోకమంతా నిరసనలు రేగాయి. ఆ జూన్‌లో పెళ్లి సంబంధాల సైటు షాదీ డాట్ కామ్ రంగుని బట్టి వెతికే ఫిల్టర్ తీసేసింది. క్రీము పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. పేరు మారడం చిన్న విషయం కాదు, కానీ కొనేవాళ్లు ఆశించేది మారిందని నేను నమ్మడం లేదు. గ్లో, బ్రైట్ లాంటి మాటలకి కూడా ఇప్పుడు అదే పని అప్పగించారు.

ఫెయిర్‌నెస్‌కి ఇప్పుడు ఇంకో ఇల్లు దొరికింది, కంప్యూటర్ సైన్స్. అప్పు ఇవ్వాలా వద్దా, ఉద్యోగానికి పిలవాలా వద్దా అని తేల్చే ప్రోగ్రాములు అందరినీ ఒకేలా చూస్తున్నాయా అన్న పరీక్షకి అక్కడ పెట్టిన పేరు ఫెయిర్‌నెస్. హైదరాబాద్ ఆఫీసుల్లో మన ఇంజినీర్లు రోజూ వాడే మాట ఇది. 2018లో జాయ్ బ్యులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు, మొహం చూసి ఆడా మగా అని చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాముల్ని పరీక్షించారు. దానికోసం ఆఫ్రికాలో మూడు దేశాలు, యూరప్‌లో మూడు దేశాల పార్లమెంటు సభ్యుల ఫోటోలు 1,270 పోగుచేసి, ఒంటి రంగుని బట్టి విడదీశారు. లేతరంగు మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. ముదురురంగు ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. ముఖాల్ని గుర్తుపట్టే ప్రోగ్రాములకి నేర్పడానికి, వాటిని పరీక్షించడానికి వాడుతూ వచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం తెల్లవాళ్లవే. ఆ అంకెలు బయటికొచ్చాక కంపెనీలు తమ ప్రోగ్రాముల్ని సరిచేసుకున్నాయి, 2019లో వెలువడిన మలిపరీక్ష ఫలితాల్లో ఆ మూడింటిలోనూ నల్లని ఆడవాళ్ల విషయంలో తప్పులు బాగా తగ్గాయి.